రేగు కంప లాగిన మడి

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఫోన్‌లో పురుగు ఫోటో చూపించి, ఇదేం పురుగు, దీనికి ఏం కొట్టమనాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. తెలియనిది తెలియదంటాను. మొన్న వచ్చిన ఒకమ్మాయి, "తెలియదని రైతు ముందు ఎట్ల అంటారు సార్, పరువు పోదా?" అంది. ఆ అమ్మాయి కోసం ఇది రాస్తున్నాను. చదివాక ఆమెకు అయోమయంగా అనిపిస్తే నన్ను తప్పు పట్టవద్దు. జరిగినప్పుడు నాకూ అలాగే ఉంది, ఇప్పటికీ అలాగే ఉంది.

నేను బాన్సువాడలో విస్తరణాధికారిగా పనిచేశాను. చదివింది ఇంటర్మీడియట్, ఆపైన శాఖ వాళ్లు ఇచ్చిన శిక్షణ. మిగతా చదువంతా ఊళ్లోని గ్రంథాలయంలో. సాయంత్రం మోటార్ సైకిల్ దిగి, బూట్లకున్న బురద గుమ్మం దగ్గర గీకేసి లోపలికి వెళ్లేవాణ్ని. అద్దాల బీరువాలోని సైన్సు పుస్తకాల్లో నేను చదవనిది లేదు. గొప్పకే చెబుతున్నాను, ఎందుకంటే వాటిలో సగం ఇంగ్లీషువి. ఒక చేత్తో నిఘంటువు పట్టుకుని చదివాను. ఎవరో లెక్చరర్ పదవీ విరమణ చేసి వెళ్తూ ఇచ్చిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది, మొక్కల లోపల ఏం జరుగుతుందో చెప్పే పుస్తకం. గ్రంథపాలకుడు నాకన్నా పెద్దవాడు. అది నా చేతికి ఇస్తూ ప్రతిసారీ అదే మాట అనేవాడు.

"గీ పుస్తకం తీస్కపోయినోళ్లల్ల మొదటోనివి నువ్వే తమ్మి, ఆఖరోనివి నువ్వే."

ఆ పుస్తకంలోనే చదివాను. గొంగళిపురుగు ఆకును కొరికితే ఆకు ఊరికే ఉండదట. కొరికిన చోట ఒక హార్మోను పుడుతుంది. దాని పేరు జాస్మోనిక్ ఆమ్లం. జాజిమల్లెల వాసనలో ఉండే పదార్థానికి అది దగ్గరి చుట్టం, అందుకే ఆ పేరు. అది మొక్కంతా పాకి, పురుగు వచ్చిందన్న కబురు అందిస్తుంది. అప్పుడు మిగతా ఆకులు పురుగు కడుపులో అరగకుండా అడ్డుపడే పదార్థాలు తయారు చేసుకుంటాయి. పురుగు తింటుంది కానీ ఒంటికి పట్టదు. కదలలేని మొక్కకు ఇంత తెలివి ఉందని చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వానాకాలం. వర్ని వైపు, క్యాంపు అని పిలిచే ఒక వలస రైతుల ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆయనది. తన పొలం చాలావరకు తనే చేసుకుంటూ, పల్లంలో ఉన్న రెండు మడులు మాత్రం కౌలుకు ఇచ్చాడు. ఆ కౌలుదారు నస్రుల్లాబాద్ దగ్గరి తండా మనిషి. భార్యాభర్తలిద్దరూ ఆ రెండు మడుల మీదే బతుకుతున్నారు. వాళ్లకు సొంతంగా ఉన్నది గుట్ట పక్కన రాళ్ల నేల. అందులో వానలు బాగా పడిన ఏడాది మాత్రమే ఏదైనా పండేది.

ఆ ఏడు ఆకుముడత పురుగు విపరీతంగా వచ్చింది. ఆకును నిలువునా చుట్టుకుని లోపల కూర్చుని పచ్చదనమంతా గీకి తినే పురుగు అది. పొలమంతా తెల్లచారలు. పెద్దాయన మందు కొట్టించాడు. కౌలుదారు కొట్టలేదు. నేను వెళ్లేసరికి మొగుడూ పెళ్లాం చెరో గట్టున నిలబడి, తాడు మధ్యలో పెద్ద రేగు కంప కట్టి, వరి తలల మీదుగా లాగుతున్నారు. ముళ్లు తగిలి మడతలు విప్పుకుని పురుగులు నీళ్లలో రాలుతున్నాయి.

"మందు కొట్టనీకె నా తాన పంపు లేదు సారు. కంప ఉన్నది, గుంజుడు వచ్చు," అన్నాడతను.

"మా అత్త గిట్లనే గుంజేది," అంది ఆమె అవతలి గట్టు నుంచి.

రెండు వారాలు గడిచాయి. మందు కొట్టిన పెద్దాయన మడుల్లో చారలు మళ్లీ మొదలయ్యాయి. కంప లాగిన మడుల్లో కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. పెద్దాయన చూసి ఆశ్చర్యపోయాడు. అప్పుడు నేను నోరు విప్పాను. రాలిన పురుగు నీళ్లలో చచ్చింది, అది ఒక కారణం. కానీ ఇంకొకటి కూడా ఉండవచ్చు అని, ముల్లు గీరితే ఆకులో పుట్టే హార్మోను సంగతి, దాని పేరు, అది చేసే పని అంతా గట్టు మీద నిలబడి వివరించాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అంటే పురుగొస్తున్నదంటే వరి జాజిపూలు పెట్టుకుంటదన్నట్టు," అంది కౌలుదారు భార్య. "పెండ్లికొడుకు అనుకుంటదా ఏంది?"

అందరం నవ్వాం. పెద్దాయన మాత్రం నవ్వు ఆపి, "గీరితే మొక్క లోపల మారిపోద్దంటారు. నిజమే సుమండీ, చెరువులో చేప కూడా అంతే, వల తగిలినాక అది వేరే చేప," అన్నాడు. చేపకూ దీనికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు కానీ, నా మాట ఆయన బుర్రలోకి ఎక్కిందని సంతోషించాను.

వరి ఈనే రోజుల్లో దోమ వచ్చింది.

వరికి వచ్చే సుడిదోమ మనుషుల్ని కుట్టే దోమ కాదు. గోధుమరంగులో నువ్వుగింజంత ఉండి, దుబ్బు మొదట్లో నీళ్లకు కాస్త పైన గుంపులుగా కూర్చుని రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఒకరోజు పొలం మధ్యలో గుండ్రంగా ఒక చాపంత మేర ఎండిపోయి కనిపిస్తుంది. తర్వాత ఆ చాప పెరుగుతుంది. కౌలుదారు మడుల్లో అలాంటి సుడులు లేచాయి. పైనున్న పెద్దాయన మడుల్లో దుబ్బును చేత్తో తడితే దోమ రాలింది కానీ, సుడి మాత్రం లేదు.

నేను వెళ్లేసరికి పెద్దాయన గట్టు మీద నా కోసమే చూస్తున్నాడు.

"మీరే అన్నారుగా, గీరితే మొక్క లోపల మారిపోద్దని. మారిందండీ. దోమకి రుచిగా మారింది."

"అట్ల ఎందుకైతది పెద్దాయనా..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎందుకు కాదో నాకు తెలియలేదు.

"ఆ మాట మీరు తేల్చండి. మీ ఆఫీసరు గారిని కూడా తీసుకురండి. కంప లాగడం వల్లే అయితే ఇలాంటి మొరటు సేద్యం నా భూమిలో వద్దు. మడులు చేస్తానని పక్క ఊరి మనిషి ఒకాయన ఆర్నెల్ల నుంచి అడుగుతున్నాడు."

కౌలుదారు భార్య నా వైపు చూసింది. పూల గురించి ఎకసెక్కం చేసిన మనిషి కాదు అప్పుడు.

సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి ఆ లావుపాటి పుస్తకం మళ్లీ తీశాను. నేను ఇదివరకు పైపైన దాటేసిన పేజీలు కొన్ని ఉన్నాయి. అక్కడ రాసి ఉంది: మొక్కకు అలాంటి హార్మోను ఇంకొకటి ఉంది, అది సాలిసిలిక్ ఆమ్లం. తలనొప్పి మాత్రకు దగ్గరి బంధువు. మొదటిది ముఖ్యంగా కొరికి తినే పురుగుల మీదికి, రెండోది తెగుళ్ల మీదికీ కొన్ని రసం పీల్చే పురుగుల మీదికీ. చాలా మొక్కల్లో ఒకటి లేస్తే రెండోది అణుగుతుంది. ఒకే కాలువకు రెండు తూములు ఉన్నట్టు. ఒకవైపు ఎక్కువ వదిలితే రెండోవైపు తక్కువ.

కంప గీరింది. మొదటి తూము తెరుచుకుంది. ఆకుముడత పోయింది. మరి రెండో తూము ఎండిందా? దోమకు దారి ఇచ్చిందా? అలా అయితే పెద్దాయన చెప్పిందే నిజం, అదీ నేను నేర్పిన మాటతోనే.

మళ్లీ చదివాను. ముల్లు గీతకూ పురుగు కాటుకూ తేడా ఉందట, పురుగు ఉమ్మి తగిలితేనే మొక్క పూర్తిగా మేల్కొంటుందట. అయితే కంపకు అంత శక్తి లేదా? ఆ ప్రభావం ఎన్నాళ్లు ఉంటుంది? కంప లాగిన నాటి నుంచి దోమ వచ్చే నాటికి వరికి ఎన్నో కొత్త ఆకులు వచ్చాయి. పుస్తకం దాని గురించి ఏమీ చెప్పలేదు. పైగా అందులో ఉన్నదంతా టమాటా, పొగాకు. వరి మాటే లేదు.

"ఏమైంది తమ్మి, ఎప్పటిసంది ఒక్కటే పేజీ జూస్తున్నవ్," అన్నాడు గ్రంథపాలకుడు.

"ఇది నా దిక్కు మాట్లాడుతుందో, ఆయన దిక్కు మాట్లాడుతుందో తెలుస్తలేదన్నా."

"పుస్తకం ఎవని దిక్కు మాట్లాడది. అందుకే గీడ నిశ్శబ్దం అని బోర్డు పెట్టినం. లే ఇగ, తాళమేస్త."

మరునాడు మా వ్యవసాయాధికారికి చెప్పాను. డిగ్రీ చదివినవాడు, మంచివాడు, అప్పటికే ఆ సీజన్‌లో దోమ ఫిర్యాదులు విని విని అలిసిపోయినవాడు. నేను రెండు హార్మోన్ల సంగతి ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవన్నీ గట్టు మీద చెప్పకు. ఒక్కటే కారణం చెప్పు. రెండు చెప్తే మూడోది రైతే కల్పిస్తడు. నీళ్లు తీసి ఆరబెట్టలే, అందుకే దోమొచ్చింది, అయిపాయె."

"ఆ మడులు పల్లంల ఉన్నయి సార్. పైనున్న పెద్దాయన పొలం నీళ్లన్నీ అండ్లకెల్లే పోవాలె. ఆరబెట్టుడు వాళ్ల చేతుల లేదు."

"అయితే అది చెప్పు."

"అది చెప్తే పెద్దాయన మీద పడతది. కోపానికి మడులు గుంజుకుంటడు."

"యూరియా అను."

"యూరియా ఇద్దరు వేసిండ్రు."

"అయితే దోమ అను. దోమొచ్చింది, తాగింది, పోయింది. నాకు ఇంకో నాలుగు ఊళ్లున్నయి," అన్నాడు.

తీర్పు రోజు అని నేను పిలుచుకునే రోజు అది. ఆఫీసరూ నేనూ వెళ్లాం. పెద్దాయన గట్టు మీద ఉన్నాడు. కౌలుదారు, అతని భార్య మడిలో పాదాలు ముంచి నిలబడ్డారు. కాస్త దూరంగా కాలువ రోడ్డు మీద మోపెడ్ ఆపుకుని పక్క ఊరి మనిషి కూర్చున్నాడు. అతను ఎందుకు వచ్చాడో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఫీసరు దుబ్బులు తట్టి చూశాడు. నీళ్లను ఆరబెట్టమన్నాడు, మందు ఏ మోతాదులో దుబ్బు మొదలుకు తగిలేలా కొట్టాలో చెప్పాడు. ఇక బయల్దేరబోతుంటే పెద్దాయన అడ్డుపడ్డాడు.

"అది సరేనండీ. నేను అడిగింది ఒకటే. కంప లాగడం వల్ల దోమ వచ్చిందా, రాలేదా? ఆ మాట చెప్పింది వీరు. వీరే తేల్చాలి."

అందరూ నన్నే చూశారు. రాలేదు అంటే చాలు. ఒక్క మాటతో ఆ ఇద్దరి మడులు నిలబడతాయి. కానీ పెద్దాయన మొద్దు మనిషి కాదు, ఎందుకు రాలేదో అడుగుతాడు, నా మాటతోనే నన్ను పట్టుకుంటాడు. వచ్చి ఉండవచ్చు అంటే కాలువ రోడ్డు మీది మనిషి మోపెడ్ దిగి వస్తాడు. నేను చదివిన పేజీలన్నీ తలలో కలగాపులగంగా తిరిగాయి. ఏ పేజీ నన్ను ఆదుకోలేదు.

"తెల్వదు పెద్దాయనా," అన్నాను.

"ఇన్ని పుస్తకాలు చదివి తెలియదంటే ఎలాగండీ?"

"చదివినంక తెలిసిందే అది. రావచ్చు, రాకపోవచ్చు. వరి మీద ఎవరన్న చేసి చూసిన్రో లేదో నాకైతే దొరకలే."

ఆఫీసరు నా మోచేతి దగ్గర గిల్లాడు. కౌలుదారు తలవంచుకుని నీళ్లలోకి చూస్తున్నాడు. ఆమె మాత్రం, నేను ఏదో ఖరీదైన వస్తువు చేజార్చి పగలగొట్టినట్టు చూసింది. అప్పుడు నా నోటి నుంచి తర్వాతి మాట వచ్చింది. ముందు అనుకున్నది కాదు.

"తెలుసుకోవాలంటే దారి ఉన్నది. వచ్చే వానాకాలం ఈ రెండు మడులల్ల ఒకే విత్తనం, ఒకే రోజు నాటు. ఎడమ మడిలో కంప గుంజాలె. కుడి మడి జోలికి పోవద్దు. పురుగు తిన్నా సరే, ఊకె చూడాలె. దోమ ఏ మడికి వస్తదో అప్పుడు తెలుస్తది. కానీ చేసే మనిషి మారద్దు. మనిషి మారితే పద్ధతి మారుతది, ఇగ ఏం తేలది."

చేసే మనిషి మారకూడదన్నది శాస్త్రం ప్రకారం నిజమే. కానీ ఆ క్షణంలో శాస్త్రం కోసం అన్నానా, వాళ్ల కోసం అన్నానా అని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

పెద్దాయన బొటనవేలితో గట్టు మట్టి గీకుతూ ఆలోచించాడు. ప్రతి ఏడూ ఎవరో ఒకరి దగ్గర కొత్త విత్తనం దొరకబుచ్చుకుని మడి చివర ఒక వరుస వేసి చూసే మనిషి ఆయన. పరీక్ష అన్న మాట వింటే ఆగలేడు. పైగా తను అన్నదే నిజమని నిరూపించుకోవాలి.

"సరే. కంప లాగితే దోమ వస్తుందని నేనంటున్నా. రుజువు చేసి చూపిస్తా. అప్పటిదాకా కౌలుకు ఈ అబ్బాయే చేస్తాడు."

కాలువ రోడ్డు మీద మోపెడ్ స్టార్టయి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

మొదటి ఏడాది పురుగూ అంతగా రాలేదు, దోమ అసలే రాలేదు. రెండు మడులూ అక్కాచెల్లెళ్లలా పండాయి. "ఏమీ తేలలేదుగా," అన్నాడు పెద్దాయన నిరాశగా. అంత బాగా పండిన పంటను చూసి నిరాశపడిన రైతును నేను ఆయన్నొక్కడినే చూశాను. రెండో ఏడాది కాలువకు నీళ్లు వదల్లేదు. మడులు బీళ్లుగా ఉండిపోయాయి. కౌలుదారు ఇల్లు గడవడానికి బాన్సువాడలో హమాలీ పనికి వచ్చాడు. మార్కెట్లో కనిపించినప్పుడు, "మన పరీక్ష ఏమాయె సారు," అని అతనే అడిగాడు.

మూడో ఏడాది ఆకుముడత మళ్లీ విరుచుకుపడింది. నేను కళ్లారా చూశాను. ఎడమ మడిలో కంప లాగారు, కుడి మడి తెల్లబడుతోంది. నాకు పట్టలేని ఉత్సాహం. వారం తిరిగి వెళ్లేసరికి రెండు మడులూ ఒకే రంగులో ఉన్నాయి. కుడి మడిలోనూ ఆకుల మడతలు విప్పుకుని ఉన్నాయి, ఆకుల మీద ముళ్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి.

"కుడి దాంట్ల కూడ గుంజిన్రా?"

కౌలుదారు భార్య వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూడలేదు.

"గుంజినం సారు. కండ్ల ముందట పురుగు తింటుంటే ఎట్ల ఊకుంటం? బర్రె బురదల దిగబడితే పరీక్ష అని చూస్కుంట నిలబడ్తమా?"

"మరి తేలేదెట్ల?"

"తేలకుంటె తేలకపోనీ. తిండి గింజలు గదా."

నాకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది. పరీక్ష చెడిందని పెద్దాయనకు తెలిస్తే మడులు పోతాయి. అయినా దాస్తే దాగేది కాదు, ముళ్ల గీతలు ఆయనకు నాకన్నా ముందే కనిపిస్తాయి. నేనే ఇంటికి వెళ్లి చెప్పాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కేకలేస్తాడనుకున్నాను.

"మొన్న నేను కూడా ఆ కుడి మడిలో మందు కొట్టించానండీ," అన్నాడు. "మీకు చెప్పలేదు. పొద్దున్నే గట్టు మీదకెళ్లి ఆ తెలుపు చూడలేకపోయా."

పరీక్ష కోసం వదిలేయాల్సిన మడిని ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, కాపాడారు. ఆ ఏడు దోమ కాస్త వచ్చింది. రెండు మడుల్లోనూ వచ్చింది, రెండింట్లోనూ అణిగింది. దాన్నుంచి ఏం నేర్చుకోవాలో ఏ పుస్తకమూ చెప్పదు.

"ఈ ఏడు లెక్కలోకి రాదు," అన్నాడు పెద్దాయన. "వచ్చే ఏడు మళ్లీ మొదలెడదాం. తేలేదాకా ఆ అబ్బాయినే చెయ్యనివ్వండి."

తర్వాతి కాలంలో నేను ఇంకా చదివాను. వరి మీదే పరిశోధనలు జరిగాయి. జాజి పేరున్న ఆ హార్మోను తగ్గించిన వరిలో కాండం తొలిచే పురుగు బలిసిందనీ, సుడిదోమ మాత్రం నీరసించిందనీ ఒకచోట చదివాను. అంటే ఆ హార్మోను దోమకు మేలే చేస్తుందన్నమాట; పెద్దాయన సగం గెలిచాడనుకుని ఆ రాత్రి మనసులోనే ఆయనకు నమస్కారం పెట్టాను. కొన్నేళ్లకు ఇంకోచోట, దోమను తట్టుకోవడానికి కూడా వరికి ఆ హార్మోనే కావాలని చదివాను. నమస్కారం వెనక్కి తీసుకున్నాను. రెండూ చదువుకున్నవాళ్లు రాసినవే. అమ్మాయీ, నువ్వు అడిగిన దానికి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

నాలుగో వానాకాలం మధ్యలో నాకు జిల్లా అవతలి కొసకు బదిలీ అయింది. వెళ్లే ముందు ఆ మడుల దగ్గరికి వెళ్లాను. కుడి మడి అప్పుడే తెల్లచారలు పడుతోంది. పోయిన ఏడు చెప్పిందే మళ్లీ చెప్పాను.

"ఈసారన్న కుడి దాని జోలికి పోకుండ్రి. జవాబు దొరకాలె."

"దొరుకుతె నీకు ఉత్తరం రాపిస్త సారు," అన్నాడు కౌలుదారు మర్యాదగా.

ఆమె కంపకు తాడు బిగిస్తూ తలెత్తకుండానే అంది: "జవాబు దొరికిన యాడాది మాకు మడి ఉంటదో ఊడ్తదో ఎవలకెరుక. దొరకకుంట మేం జూస్కుంటం, నువ్వు ఫికర్ జెయ్యకు."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. మోటార్ సైకిల్ దాకా నడిచాక గాని నవ్వు ఆగలేదు; ఆగాక అనుమానం వచ్చింది. పోయిన ఏడు చూడలేకే కంప లాగారా, లేక తేలకూడదనే లాగారా? అడుగుదామని వెనక్కి తిరిగాను. అప్పటికే ఇద్దరూ చెరో గట్టు ఎక్కి కంప లాగుతున్నారు, కుడి మడిలో.